మన ఊరి బీపీ లెక్క ఎవరి దగ్గరుంది?

ఎన్నికలు దగ్గరపడితే ఆరోగ్యం గురించి మన రెండు రాష్ట్రాల్లోనూ గట్టిగా వినిపించే మాట ఒక్కటే: ఆరోగ్యశ్రీ కార్డు పరిమితి ఎంత పెంచుతారు? 2007 ఏప్రిల్‌లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాలతో ఆరోగ్యశ్రీ మొదలైనప్పుడు కుటుంబానికి ఏడాదికి 2 లక్షలు దాటేది కాదు. 2023 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ దాన్ని 25 లక్షలు చేసింది. అదే నెలలో తెలంగాణ 10 లక్షలు చేసింది. ప్రభుత్వం మారినప్పుడల్లా పథకం పేరు మారింది, కార్డు మీద బొమ్మ మారింది. పథకాన్ని మాత్రం ఎవరూ తీసెయ్యలేదు. తీసెయ్యకూడదు కూడా. గుండె ఆపరేషన్ కోసం పొలం అమ్ముకోవాల్సిన అవసరం తప్పిన కుటుంబాలు మా ఊళ్ళోనే ఉన్నాయి.

నా బాధ వేరే. ఆపరేషన్ బల్ల దాకా మనిషి ఎందుకు వెళ్ళాల్సి వచ్చిందో మన ప్రభుత్వాలు లెక్క పెట్టడం లేదు. ఎన్ని లక్షల మందికి వైద్యం చేయించాం, ఎన్ని కోట్లు ఖర్చు పెట్టాం అని ఏటా ప్రకటనలొస్తాయి. రాష్ట్రంలో బీపీ ఉన్నవాళ్ళు ఎంతమంది, వాళ్ళలో ఈ నెల మాత్రలు అందినవాళ్ళు ఎంతమంది, మాత్రలు వేసుకుంటూ బీపీ అదుపులో ఉన్నవాళ్ళు ఎంతమంది అన్న మూడు అంకెలు మాత్రం మండలం వారీగా జనం ముందు పెట్టరు. రాష్ట్రం ఆరోగ్యం బాగుపడుతోందా లేదా చెప్పడానికి ఒకే ఒక్క అంకె ఎంచుకోమంటే నేను ఆ మూడోదాన్నే ఎంచుకుంటాను.

మా బాబాయికి నలభై దాటాక బీపీ ఉందని తెలిసింది. ఊళ్ళో క్యాంపు పెడితే చూశారు. పది రోజుల మాత్రలిచ్చి పంపారు. అవి అయిపోయాక ఆరోగ్య కేంద్రానికి వెళ్తే స్టాకు లేదు, వచ్చే వారం రమ్మన్నారు. వచ్చే వారం మిరప కోతలు. కొన్నాళ్ళు మెడికల్ షాపులో కొనుక్కున్నాడు. తలనొప్పి లేదు, కళ్ళు తిరగడం లేదు, మనిషి బాగానే ఉన్నాడు, ఇంకెందుకని మానేశాడు. కొన్నేళ్ళ తర్వాత ఒకరోజు తెల్లవారుజామున పాల క్యాను ఎత్తబోతే కుడిచేతికి పట్టు దొరకలేదు. పిన్నిని పిలవబోతే మాట ముద్దముద్దగా వచ్చింది. 108 వచ్చింది, ఒంగోలు తీసుకెళ్ళారు, అక్కణ్ణుంచి గుంటూరు. కార్డు మీదే వైద్యం జరిగింది. ప్రాణం దక్కింది, దానికి మా ఇంటిల్లిపాదీ ఇప్పటికీ దణ్ణం పెట్టుకుంటాం. కానీ ఇవాళ్టికీ చొక్కా గుండీలు పిన్నే పెడుతుంది. గేదెలు అమ్మేశారు. పొలం కౌలుకిచ్చారు. ఇంటర్ అయిపోయిన తమ్ముడు చదువు ఆపి హైదరాబాద్‌లో పనికి కుదిరాడు.

ప్రభుత్వం లెక్కలో బాబాయి కేసు పూర్తయింది. ఆసుపత్రికి ప్యాకేజీ డబ్బు చెల్లించారు, ఫైలు మూసేశారు. అంతకుముందు ఆయనకి మాత్రలు అందని రోజులు మాత్రం ఏ ఫైల్లోనూ లేవు. ఆయన వేసుకోవాల్సిన ఎమ్లోడిపిన్ మాత్ర చాలా చవక. పెద్దమొత్తంలో కొనే ప్రభుత్వానికి ఇంకా చవక.

ఇది మా ఒక్క ఇంటి కథ కాదు. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 ఏళ్ళు దాటిన మగవాళ్ళలో 29 శాతం మందికి, ఆడవాళ్ళలో 25 శాతం మందికి బీపీ ఎక్కువగా ఉంది, లేదా బీపీకి మందు వాడుతున్నారు. తెలంగాణలో మగవాళ్ళలో 31 శాతం, ఆడవాళ్ళలో 26 శాతం. అంటే సుమారుగా ప్రతి నలుగురిలో ఒకరు. పక్షవాతానికి, గుండెపోటుకి, కిడ్నీలు దెబ్బతినడానికి ఇదొక పెద్ద దారి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బుకి కారణం ఇంకా తేలలేదు, అది వేరే సంగతి. మిగతా జిల్లాల్లో డయాలసిస్ కేంద్రాల ముందు కూర్చున్నవాళ్ళని కదిపితే, షుగరో బీపీయో ఏళ్ళ తరబడి అదుపు లేకుండా ఉన్న కథే ఎక్కువగా వినిపిస్తుంది.

డబ్బు ఏ పనికి ఇస్తామో ఆ పనే ఎక్కువగా జరుగుతుంది. ఆరోగ్యశ్రీ ప్యాకేజీల పద్ధతి. ఫలానా ఆపరేషన్‌కి ఇంత అని ముందే రేటు ఉంటుంది. ఆపరేషన్ చేస్తే డబ్బొస్తుంది, ఆపరేషన్ అవసరం రాకుండా చూస్తే ఎవరికీ ఏమీ రాదు. గర్భసంచి ఆపరేషన్ల విషయంలో దీని పర్యవసానం చూశాం. అనవసరంగా చేస్తున్నారన్న ఆరోపణలు వెల్లువెత్తాక, ఆరోగ్యశ్రీలో ఆ ఆపరేషన్‌ని ప్రైవేటు ఆసుపత్రుల నుంచి తప్పించి ప్రభుత్వ ఆసుపత్రులకే పరిమితం చేయాల్సొచ్చింది. అయినా 2019-21 సర్వే నాటికి కూడా 15 నుంచి 49 ఏళ్ళ మధ్య ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద 3 శాతం చిల్లర అయితే, ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో 8 శాతం పైనే. ఇందులో కార్డు లేకుండా సొంత డబ్బుతో చేయించుకున్నవే చాలా ఉంటాయి, నేరం మొత్తం పథకం మీద వెయ్యను. కానీ వైద్యం అంటే ఆపరేషనే అన్న నమ్మకం మనలో ఇంతగా పాతుకుపోవడంలో ప్రభుత్వాల వంతు కూడా ఉంది. కాన్పులూ అంతే. అదే సర్వే లెక్కలో తెలంగాణలో కాన్పుల్లో 60 శాతం పైగా సిజేరియన్లే. దేశ సగటు 21 శాతం.

మనవాళ్ళకి చేతకాదా అంటే, ఆ మాట నేను ఒప్పుకోను. ఎందుకంటే ఒక పని మనం అద్భుతంగా చేసి చూపించాం. 2004-06లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో లక్ష కాన్పులకి 154 మంది తల్లులు చనిపోయేవారు. 2018-20 నాటికి ఆంధ్రప్రదేశ్‌లో అది 45కి, తెలంగాణలో 43కి దిగింది. అప్పటికి దేశ సగటు 97. ఈ మార్పు ఒక్క పెద్దాసుపత్రి కట్టడంతో రాలేదు. గర్భం నిలిచిన దగ్గర్నుంచి ప్రతి తల్లి పేరూ ఊరి నర్సు (ఏఎన్ఎం) రిజిస్టర్లో ఉంటుంది. ఎన్నో నెల, రక్తం ఎంత, బీపీ ఎంత, కాన్పు తారీఖు ఎప్పుడు, అన్నీ రాసుంటాయి. ఆశా కార్యకర్త ఇంటికొచ్చి పిలుచుకెళ్తుంది. నొప్పులొస్తే 108 ఉంది. తల్లి చనిపోతే ఎందుకు చనిపోయింది, ఎక్కడ ఆలస్యమైంది అని జిల్లా స్థాయిలో సమీక్ష జరుగుతుంది, కింది ఉద్యోగి దగ్గర్నుంచి అందరూ జవాబు చెప్పుకోవాలి. లోపాలు లేవని కాదు. పాడేరు ఏజెన్సీలో గర్భిణిని డోలీలో మోసుకొస్తున్న వార్తలు ఇంకా చదువుతూనే ఉన్నాం. కానీ పేరు పేరునా లెక్క పెట్టి, లెక్క తప్పితే పై అధికారి అడిగే చోట ప్రాణాలు నిలబడ్డాయి.

అదే పని నలభై అయిదేళ్ళ బీపీ మనిషి విషయంలో ఎందుకు చెయ్యం? గర్భిణికి తొమ్మిది నెలలు, ఇతనికి జీవితాంతం. కష్టం ఎక్కువే. కానీ దారి కొత్తది కాదు. 2017 చివర్లో దేశంలో అయిదు రాష్ట్రాల్లో బీపీ నియంత్రణ కార్యక్రమం మొదలైంది, అందులో తెలంగాణ ఒకటి. భారత వైద్య పరిశోధన మండలి, ఆరోగ్య శాఖ, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి చేపట్టాయి. పద్ధతి చాలా సాదాసీదా. డాక్టరు డాక్టరుకీ మారిపోయే చీటీలు కాకుండా రాష్ట్రమంతా ఒకటే వరస: ఫలానా మందుతో మొదలుపెట్టు, నెల తర్వాత కూడా బీపీ దిగకపోతే డోసు పెంచు లేదా రెండోది కలుపు, అప్పటికీ దిగకపోతే మూడోది. మందులు రెండు మూడు రకాలే కాబట్టి ఏడాదికి ఎన్ని కావాలో ముందే లెక్కగట్టొచ్చు. నెల మాత్రలు ఒకేసారి ఇవ్వాలి. రానివాళ్ళకి ఫోన్ చెయ్యాలి, ఇంటికెళ్ళి పిలవాలి. ఎంతమంది వచ్చారన్నదాని కన్నా ఎంతమందికి బీపీ 140/90 లోపు ఉందన్నది చూడాలి. ఇందులో ఖరీదైన యంత్రం ఏదీ లేదు. క్రమం తప్పకుండా చెయ్యడమే ఉంది. ఆ క్రమం రాష్ట్రంలోని ప్రతి ఉప కేంద్రంలో (సబ్‌సెంటర్లో), ప్రతి నెలా ఉండాలి.

ఇక్కడే మన చిక్కంతా. పోయిన సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు అమ్మకి బీపీ చూపిద్దామని ఉప కేంద్రానికి తీసుకెళ్ళాను. సిస్టర్ నెమ్మదస్తురాలు, అమ్మని కాసేపు కుర్చీలో కూర్చోబెట్టి, చెయ్యి బల్ల మీద పెట్టించి చూసింది. 152/94. రిజిస్టర్లో రాస్తుంటే పక్క పేజీ కనిపించింది. 130/80, 130/80, 130/80, పేజీ కిందిదాకా అదే. నేను చూస్తున్నానని ఆమె గమనించింది. "ఏం చెయ్యమంటారండీ, ఆ రోజు స్క్రీనింగ్ టార్గెట్ అరవై మంది. మధ్యాహ్నానికి మిషన్లో సెల్స్ అయిపోయాయి. ట్యాబ్‌లో ఎంట్రీ సాయంత్రం లోపు పడకపోతే మెమో ఇస్తారు" అంది. ఆ సెల్స్ కూడా ఎప్పుడూ తన డబ్బులతోనే కొంటానని చెప్పింది. గర్భిణుల వివరాలు ఒక యాప్‌లో, టీకాలు ఇంకోదాంట్లో, బీపీ షుగర్ మరోదాంట్లో, అవే పేర్లు మళ్ళీ కాగితం రిజిస్టర్లో. మనుషుల్ని చూసే టైము కంటే ఎక్కించే టైము ఎక్కువవుతోందని ఆమె అంటే నాకు అబద్ధమనిపించలేదు.

ఆమెది తప్పని నేను రాయను. పైనుంచి అడుగుతున్నది "ఎంతమందిని చూశారు" అని. "ఎంతమందికి దిగింది" అని ఎవరూ అడగడం లేదు. అడిగిన లెక్కే వస్తుంది. లక్షల మందికి స్క్రీనింగ్ పూర్తి చేశామన్న ప్రకటన వెనక ఇలాంటి పేజీలు ఎన్ని ఉన్నాయో అధికారులకి తెలియంది కాదు. మనిషి బీపీ పొద్దున ఒకలా, సాయంత్రం ఒకలా ఉంటుంది. ఊరంతటికీ 130/80 ఉందంటే అక్కడ ఎవరికీ చూడలేదని అర్థం.

అలాంటప్పుడు అదుపులో ఉన్నవాళ్ళ లెక్క అడిగితే అదీ ఇలాగే రాసేస్తారు కదా అని ఒక స్నేహితుడు నాతో వాదించాడు. మంచి ప్రశ్నే. నా జవాబు ఇది: రిజిస్టర్ మీద ఆధారపడొద్దు. మూడు నెలలకోసారి జిల్లాలో కొన్ని ఊళ్ళని చీటీ వేసి ఎంచుకుని, ఆరోగ్య శాఖతో సంబంధం లేనివాళ్ళు ఇళ్ళకెళ్ళి బీపీ చూడాలి. మెడికల్ కాలేజీల్లో కమ్యూనిటీ మెడిసిన్ విభాగాలున్నాయి, విద్యార్థులున్నారు, వాళ్ళకీ అది చదువే. రిజిస్టర్ లెక్కకీ ఇంటి దగ్గర చూసిన లెక్కకీ తేడా ఎంతో పక్కపక్కనే ప్రచురించాలి. తేడా ఎక్కువున్న చోట ఏఎన్ఎంకి మెమో ఇవ్వడం కాదు, అక్కడ మిషన్ ఉందా, మందుందా, పోస్టు ఖాళీగా ఉందా అని జిల్లా వైద్యాధికారి (డీఎంహెచ్‌ఓ) వెళ్ళి చూడాలి. శిక్ష భయం ఉన్నన్నాళ్ళూ నిజమైన అంకె పైకి రాదు.

ఇంకో మాట తరచుగా వింటుంటాను: జనమే మాత్రలు వేసుకోరు, ప్రభుత్వం ఏం చేస్తుంది అని. "ఒకసారి మొదలుపెడితే జీవితాంతం అలవాటైపోతుంది" అని భయపడేవాళ్ళు నిజంగానే ఉన్నారు. వాళ్ళకి ఓపిగ్గా చెప్పాలి. కానీ నేను చూసినవాళ్ళలో ఎక్కువమంది మానేసింది మూఢనమ్మకంతో కాదు. కేంద్రం తొమ్మిదింటికి తెరుస్తారు, కూలికెళ్ళేవాళ్ళు ఏడింటికే ఆటో ఎక్కుతారు. నెలకో రోజు కూలి పోగొట్టుకుని వెళ్తే సగం మాత్రలే ఇచ్చి పంపుతారు. పోయినసారి తెల్లమాత్ర, ఈసారి పచ్చమాత్ర, ఎందుకు మారిందో చెప్పేవాళ్ళుండరు. ఆర్ఎంపీ రాత్రి ఎనిమిదింటికి కూడా ఉంటాడు, అప్పు పెడతాడు, పేరు పెట్టి పిలుస్తాడు. అందుకే అతని దగ్గరికెళ్తారు. వారంలో రెండు రోజులు తెల్లవారి ఆరింటికో, సాయంత్రం ఆరు తర్వాతో ఉప కేంద్రం తెరిచి, దానికి తగ్గట్టు సిబ్బందిని పెంచి, రెండు నెలల మాత్రలు చేతిలో పెడితే ఎంతమంది మానేస్తారో అప్పుడు చూసి మాట్లాడదాం.

ఉమ్మడి రాష్ట్రంలో 2008లో వచ్చిన 104 బండి ఆలోచన ఇందుకే నాకు ఇష్టం. నెలలో ఫలానా తారీఖున బండి ఊళ్ళోకి వస్తుందని ముసలివాళ్ళు ముందురోజే పుస్తకం, పాత మాత్రల అట్ట తీసి పెట్టుకునేవాళ్ళు. తారీఖు తప్పకపోవడమే దాని బలం. మధ్యలో మందులు సరిగ్గా రాక, నిర్వహణ చేతులు మారి చాలాచోట్ల నీరుగారింది. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో కొత్త బండ్లు కొన్నారు, 2023లో ఫ్యామిలీ డాక్టర్ పేరుతో పీహెచ్‌సీ డాక్టర్లని ఊళ్ళకి పంపారు. తెలంగాణలో 2018 నుంచి బస్తీ దవాఖానాలు, ఆ తర్వాత పల్లె దవాఖానాలు పెట్టారు. ఇవన్నీ సరైన దిశలో పడ్డ అడుగులే, ఏ పార్టీ వేసినా సరే. మన దురదృష్టమేమిటంటే, ఒక ప్రభుత్వం మొదలుపెట్టింది తర్వాతి ప్రభుత్వానికి పరాయిదైపోతుంది. పేరు మార్చుకోండి, రంగు మార్చుకోండి. డాక్టరు వచ్చే తారీఖు మాత్రం మార్చొద్దు.

మందుల సంగతి తమిళనాడు దగ్గర నేర్చుకోవచ్చు, అందులో నామోషీ లేదు. 1939లో మద్రాసు ప్రజారోగ్య చట్టం వచ్చినప్పుడు కోస్తా, రాయలసీమ జిల్లాలు కూడా ఆ రాష్ట్రంలోనే ఉన్నాయి. ఒకే చోట మొదలయ్యాం. వాళ్ళు ప్రజారోగ్యానికి వేరే డైరెక్టరేట్‌ని, అందులోనే చదువుకుని అందులోనే పైకెదిగే అధికారులని నిలబెట్టుకున్నారు. 1990ల్లో మందుల కొనుగోలుకి కార్పొరేషన్ పెట్టి, ప్రతి ఆసుపత్రికీ పాస్‌బుక్ ఇచ్చి, ఎవరి వాటా ఎంత, ఎంత వాడారు అన్నది అందరికీ కనపడేలా చేశారు. 2021 ఆగస్టులో కృష్ణగిరి జిల్లా నుంచి బీపీ, షుగర్ మాత్రలు ఇంటికే చేర్చే పథకం మొదలుపెట్టారు. కృష్ణగిరిలో మన తెలుగువాళ్ళు ఎందరో ఉన్నారు, అడిగి తెలుసుకోవచ్చు. మన దగ్గర పీహెచ్‌సీలో చేరిన కుర్ర డాక్టరు కళ్ళన్నీ పీజీ సీటు మీదే ఉంటాయి, అతన్ని తప్పుపట్టలేం. ఊళ్ళో జబ్బులు తగ్గించిన డాక్టరుకి పదోన్నతి ఉంటుందన్న దారి మనం వెయ్యలేదు. ప్రజారోగ్యానికి ప్రత్యేక క్యాడర్ ఉండాలని 2017 జాతీయ ఆరోగ్య విధానం చెప్పింది. ఆరోగ్య బడ్జెట్లో మూడింట రెండొంతులు ప్రాథమిక వైద్యానికే ఇవ్వాలని కూడా చెప్పింది. మన రెండు అసెంబ్లీల్లో బడ్జెట్ చర్చ జరిగేటప్పుడు ఈ ఒక్క నిష్పత్తి గురించి అధికార పక్షమో, ప్రతిపక్షమో గట్టిగా నిలదీయాలని నా కోరిక.

మా పడమటి ప్రకాశం వాణ్ణి కాబట్టి ఇంకో సంగతి చెప్పకుండా ఉండలేను. మన దేశంలో ఫ్లోరోసిస్‌ని మొదట గుర్తించింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో ఉన్న మా దర్శి, కనిగిరి, పొదిలి ప్రాంతంలోనే. వంగిపోయిన ఎముకని ఏ ఆసుపత్రీ నిటారుగా చెయ్యలేదు, ఏ కార్డూ చెయ్యలేదు. నల్గొండలో పరిస్థితి మారింది మిషన్ భగీరథతో నది నీళ్ళు ఇళ్ళకి చేరాకే. మా వైపు ఎన్నో ఊళ్ళలో ఇంకా ట్యాంకరు కోసం బిందెలు వరసలో పెడుతున్నారు, వెలిగొండ ప్రాజెక్టు నీళ్ళ కోసం చూస్తున్నారు. ఫ్లోరైడ్ ఊళ్ళో పైపులైను ఖర్చుని ఆరోగ్య ఖర్చుగా చూడగలిగితేనే దాని తొందర ఏమిటో ప్రభుత్వాలకి అర్థమవుతుంది.

చివరిగా వలస వెళ్ళినవాళ్ళ గురించి. మా ప్రాంతం నుంచీ పాలమూరు నుంచీ బేల్దారి పనికి, కూలికి హైదరాబాద్‌కో బెంగళూరుకో వెళ్ళేవాళ్ళ పేర్లు సొంతూరి రిజిస్టర్లో ఉంటాయి, మనుషులు మాత్రం ఏదో అపార్ట్‌మెంట్ పునాదుల దగ్గర రేకుల షెడ్డులో ఉంటారు. మాత్రలు ఊళ్ళో, మనిషి మియాపూర్‌లో. ఎండలో బరువులు మోసే ఈ మనుషుల్లోనే బీపీ తెలియనివాళ్ళు, తెలిసీ వాడనివాళ్ళు ఎక్కువగా నాకు కనిపించారు. ఆంధ్రప్రదేశ్ ఉప కేంద్రంలో ఇచ్చిన బీపీ పుస్తకం చూపిస్తే తెలంగాణ బస్తీ దవాఖానాలో నెల మాత్రలివ్వాలి, అక్కడిది ఇక్కడా చెల్లాలి. ఆధార్ అడ్రస్ ఎక్కడుందని అడగకూడదు. రెండు రాష్ట్రాల మధ్య నీళ్ళ మీద, ఆస్తుల మీద ఎన్నో చర్చలు జరుగుతున్నాయి. ఇద్దరు ఆరోగ్య మంత్రులు ఒక పూట కూర్చుంటే తేలిపోయే పని ఇది. మందుల పేర్లు రెండు చోట్లా ఒకటే, డబ్బు కూడా పెద్దగా అక్కర్లేదు. మా తమ్ముడు పనిచేసే సైటులోనే మా జిల్లావాళ్ళు పదుల సంఖ్యలో ఉన్నారు, ఈ ఏర్పాటు వాళ్ళతోనే మొదలుపెట్టొచ్చు.